పికప్ కావాలి, మైలేజ్ పోకూడదు: పాత డీజిల్ స్విఫ్ట్‌కి ముందు ఏం చేయించాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. 2016 స్విఫ్ట్ వీడీఐ, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. వారానికి రెండుసార్లు సూర్యాపేట నుంచి హైదరాబాద్ వెళ్లొస్తావు. ఇంతకుముందు లీటరుకి 22 ఇచ్చేది, ఇప్పుడు 16 దాటట్లేదు. లారీని ఓవర్‌టేక్ చేయాలంటే భయం వేస్తోంది. ఆరు నెలల కిందట పాత 14 అంగుళాల చక్రాలు తీసేసి 16 అంగుళాల అలాయ్ వీల్స్, 205/55 టైర్లు వేయించావు. ఒక ఫ్రెండ్ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు, చేయించమన్నాడు, ఇంకొకరు కంపెనీ ఎయిర్ ఫిల్టర్ తీసి కోన్ ఆకారపు ఫిల్టర్ పెట్టమన్నారు. ఏది చేయిస్తే మైలేజ్ తగ్గకుండా పికప్ వస్తుంది అన్నది నీ ప్రశ్న.

ప్రస్తుతానికి రెండూ వద్దు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా డీజిల్ ఇంజిన్లే చూస్తున్నాను, ఈ 1.3 ఇంజిన్ నా చేతిలో వందలసార్లు విప్పాను. నీ బండికి ఉన్న జబ్బు పవర్ తక్కువ కావడం కాదు, ఉన్న పవర్ కారిపోవడం. లెక్క చూడు. వెయ్యి కిలోమీటర్లకి లీటరుకి 22 అయితే నలభై అయిదున్నర లీటర్లు చాలు, 16 అయితే అరవై రెండున్నర లీటర్లు కావాలి. ఆ 17 లీటర్ల డీజిల్ ఇంజిన్ తాగుతూనే ఉంది, కానీ చక్రాలకి చేరడం లేదు. పొగగానో, బ్రేకుల దగ్గర వేడిగానో, టైర్ల కింద రాపిడిగానో పోతోంది. అది ఎక్కడ పోతోందో పట్టుకుంటే మైలేజ్, పికప్ రెండూ కలిసే వెనక్కి వస్తాయి. పట్టుకోకుండా రీమ్యాప్ చేయిస్తే చిల్లు పడిన బిందెలో ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసినట్టే.

మొట్టమొదట ఆ 16 అన్న నంబర్ నిజమో కాదో తేల్చుకో. మీటర్‌లో చూపించే యావరేజ్ నమ్మకు. ఒకే బంక్‌లో, గన్ ఆటోమేటిక్‌గా ఆగేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించు, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే అలాగే ఫుల్ కొట్టించు. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించు. ఇలా మూడుసార్లు చేస్తేనే నమ్మదగిన సంఖ్య వస్తుంది, ఒకసారికి గాలివాటం, ట్రాఫిక్, ఏసీ అన్నీ కలిసి తప్పుదారి పట్టిస్తాయి.

ఇక్కడే నీ కొత్త టైర్ల సంగతి వస్తుంది. కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 టైరు వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్లు. నువ్వు వేయించిన 205/55 ఆర్16 దాదాపు 632. అంటే చక్రం 2 శాతం పెద్దదైంది. నువ్వు నిజంగా 102 కిలోమీటర్లు వెళ్తే మీటర్ 100 అని చూపిస్తుంది. కాబట్టి నీకు 16 అని కనిపిస్తున్నది నిజానికి 16.3 అయ్యుండొచ్చు. ఇది కాగితం మీద లెక్క, దీని వల్ల జేబుకి నష్టం లేదు. అసలు నష్టం వేరే ఉంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ కాస్త పొడవైనట్టే లెక్క, అదే స్పీడుకి ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. పైగా వెడల్పు 40 మిల్లీమీటర్లు పెరిగింది, రాపిడి పెరుగుతుంది, గాలిని ఎక్కువ తోసుకుంటూ పోవాలి. అలాయ్, టైరు కలిపి బరువు కూడా పెరిగి ఉంటుంది, చక్రం మీద పెరిగిన బరువుని బండి కదలడానికి ఒకసారి, చక్రం తిరగడానికి ఇంకోసారి మోయాలి. బండి బాగుందని నాకూ తెలుసు, అందం మీద నాకేం కోపం లేదు. కానీ పికప్, మైలేజ్ రెండూ కావాలని అడుగుతున్నావు కాబట్టి చెప్తున్నా, పాత 14 అంగుళాల చక్రాలు ఇంట్లో ఉంటే ఒక నెల అవే వేసి తిప్పి చూడు. తేడా నీకే తెలుస్తుంది. అలాయ్ కావాల్సిందే అంటే స్విఫ్ట్ డీజిల్‌లోనే పై మోడల్ జెడ్‌డీఐకి వచ్చే 185/65 ఆర్15 సైజు పెట్టుకో, దాని వ్యాసం పాతదానితో దాదాపు సమానం.

గాలి గురించి ఒక్క మాటే. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్, అది కంపెనీ సైజు టైర్లకి, పొద్దున్నే బండి తీయకముందు టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నలభై కిలోమీటర్లు తోలుకొచ్చి పంక్చర్ షాపులో చూపిస్తే వేడికి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, వాడు తగ్గించి పంపిస్తాడు, ఇక నెలంతా తక్కువ గాలితో తిరుగుతావు. అలైన్‌మెంట్ కూడా కొత్త వీల్స్ వేశాక చేయించావో లేదో నువ్వు రాయలేదు.

తర్వాత బ్రేకులు. ఇది చాలామంది పట్టించుకోరు. పదిహేను ఇరవై కిలోమీటర్లు హైవే మీద బ్రేకు పెద్దగా వాడకుండా తోలి, మెల్లగా పక్కన ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టు, తాకొద్దు, దగ్గరగా పెట్టు చాలు. నాలుగింట్లో ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. ముందు కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి జామ్ అవుతాయి, వెనక డ్రమ్ముల్లో హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా వదలదు. గ్రీజు పెట్టి, పిన్నులు శుభ్రం చేస్తే అయిపోయే పని. అలాంటి బండి ఒకటి పోయిన వేసవిలో నా దగ్గరికి వచ్చింది, ఇంజెక్టర్లు, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి, మార్చాలని వేరేచోట చెప్పారట, చూస్తే ఎడమవైపు వెనక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. కేబుల్ మార్చి పంపించాను, ఇంజెక్టర్ల జోలికే పోలేదు.

ఇప్పుడు ఇంజిన్‌కి వద్దాం, నీ అసలు రోగం ఇక్కడే ఉంటుందని నా అనుమానం. ఎందుకంటే ఓవర్‌టేక్ చేసేటప్పుడు వెనక నల్లపొగ వస్తోందని రాశావు. ఈ ఇంజిన్‌లో టర్బో నొక్కిన గాలి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గుండా రబ్బరు హోస్ పైపుల్లోంచి ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఏళ్ల తరబడి వేడికి, ఆయిల్ ఆవిరికి ఆ రబ్బరు మెత్తబడి సన్నగా పగులుతుంది, లేదా క్లిప్పు వదులవుతుంది. ఐడిల్‌లో ఏమీ తెలియదు, స్కానర్ పెట్టినా ఎర్రర్ కోడ్ రాకపోవచ్చు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే పగులు విచ్చుకుని గాలి బయటికి పోతుంది. ఇక్కడ జరిగేది చూడు: ఎయిర్ ఫిల్టర్ దాటగానే ఒక సెన్సార్ లోపలికి ఎంత గాలి వచ్చిందో కొలిచి ఈసీఎంకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, చెప్తుంది. ఆ గాలంతా సిలిండర్లకి చేరుతోందనుకుని ఈసీఎం దానికి సరిపడా డీజిల్ వదులుతుంది. కానీ సగం దారిలో గాలి కారిపోయింది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. మండని డీజిల్ నల్లపొగ అవుతుంది, పికప్ పోతుంది, మైలేజ్ పోతుంది. మూడూ ఒకే పగులు వల్ల. నువ్వు చెప్పిన మూడు లక్షణాలూ ఇవే.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. బానెట్ ఎత్తి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే పైపుల జాయింట్లన్నీ టార్చ్ వేసి చూడు. ఎక్కడైనా నల్లగా, జిడ్డుగా నూనె తడి కనిపిస్తే అక్కడ గాలి కారుతున్నట్టే. పైపు లోపలి గోడకి కాస్త ఆయిల్ ఉండటం మామూలే, బయటికి రావడం మామూలు కాదు. ఖచ్చితంగా తెలియాలంటే పైపు ఒక చివర మూసి ఇంకో చివర నుంచి గాలి పెట్టి సబ్బు నీళ్లు పోయాలి, పంక్చర్ వేసేవాడు చూసినట్టే. మంచి మెకానిక్ ఎవరైనా చేస్తాడు. ప్రెషర్ ఎక్కువ పెట్టకూడదని మాత్రం చెప్పు, టర్బో ఇచ్చేంత ప్రెషర్ చాలు, టైరుకి పెట్టినంత పెడితే బాగున్న పైపు కూడా ఊడిపోతుంది.

దాని తర్వాత ఈజీఆర్. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపించే వాల్వు అది. పొగలోని మసి, ఇంజిన్ కింది భాగం (క్రాంక్‌కేస్) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి రెండూ కలిసి, సిలిండర్లకి గాలి పంచే మేనిఫోల్డ్ లోపల తారు లాగా పేరుకుంటాయి. లక్ష దాటిన బండ్లలో గాలి దారి సగం మూసుకుపోయి ఉండటం నేను చాలాసార్లు చూశాను. విప్పి శుభ్రం చేయించు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎవరైనా రేకు ముక్క పెట్టి ఈజీఆర్ మూసేస్తాం, పికప్ పెరుగుతుంది అంటే ఒప్పుకోకు. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికే అది ఉంది. మూసేస్తే ఆ విషం మన ఊళ్లోనే, మన పిల్లలే పీలుస్తారు.

ఇంజెక్టర్లకి నాలుగు సీసాల టెస్ట్ చేయమను. ఒక్కో ఇంజెక్టర్ నుంచి ట్యాంక్‌కి తిరిగి వెళ్లే డీజిల్‌ని ఒక్కో సీసాలో పట్టి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే నాలుగూ దాదాపు సమానంగా నిండాలి. ఒకటి మిగతావాటి కంటే రెట్టింపు నిండితే ఆ ఒక్కటి అరిగిపోయింది. నాలుగూ మార్చాలని చెప్పేవాళ్లకి ఈ సీసాలు చూపించి మాట్లాడు. ఇంజెక్టర్ హెడ్‌లోకి దిగే చోట నల్లగా గట్టిపడిన తారు కనిపిస్తే, స్టార్ట్ చేసినప్పుడు చుఫ్ చుఫ్ మని శబ్దం వస్తే, కింద రాగి వాషర్ పోయింది, అది చిన్న వాషరే కానీ వదిలేస్తే హెడ్ చెడిపోతుంది. డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చావో గుర్తులేకపోతే ఇప్పుడే మార్చెయ్.

ఇంకొకటి మన ఎండల ప్రాంతంలోనే కనిపించే జబ్బు. ఎప్పుడో ఒకసారి బండి వేడెక్కిందని ఎవరో మెకానిక్ థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, పీకేసి ఉంటాడు, మన ఎండకి ఇదెందుకండీ అని. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు, ముఖ్యంగా హైవే మీద. ఆయిల్ చిక్కగానే ఉంటుంది, రాపిడి ఎక్కువ, డీజిల్ సరిగా మండదు. స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడమను. పావుగంట తోలాక కూడా 80 డిగ్రీలు దాటకపోతే అనుమానించాలి. ఆయిల్ కూడా కారుతో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే పోయించు, పాత బండి కదా అని చిక్కటి ఆయిల్ పోస్తే మైలేజ్‌లో ఒకటి రెండు శాతం అక్కడే పోతుంది.

క్లచ్‌ని నువ్వే చూసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 50 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఆర్‌పీఎం ముల్లు ఎగిరిపోయి స్పీడు మాత్రం మెల్లగా పెరిగితే క్లచ్ జారుతోంది. 120000 తిరిగిన బండి, ఆశ్చర్యం లేదు.

ఎయిర్ ఫిల్టర్ గురించి చాలా అపోహలు ఉన్నాయి. అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో మూసుకుపోయిన ఫిల్టర్లతో కార్లని పరీక్షించి చూసింది. కంప్యూటర్ నియంత్రించే ఇంజిన్లలో ఫిల్టర్ మురికి వల్ల మైలేజ్ పెద్దగా తగ్గలేదు, పికప్ మాత్రం తగ్గింది. అంటే కొత్త ఫిల్టర్ వేస్తే నీకు లాగుడు కొంత తిరిగొస్తుంది, లీటరుకి మూడు కిలోమీటర్లు పెరుగుతాయని ఎవరైనా అంటే నమ్మకు. కంపెనీ పేపర్ ఫిల్టరే వెయ్యి. కోన్ ఫిల్టర్ ఎందుకు వద్దంటున్నానంటే, అది బానెట్ కింద వేడి గాలిని పీలుస్తుంది. బయట గాలి 30 డిగ్రీలు ఉండి బానెట్ కింద 60 ఉంటే ఆ గాలి దాదాపు 9 శాతం పలచబడుతుంది. కంపెనీ పైపు బయటి చల్లగాలి కోసమే ముందుకి పెట్టారు. పైగా ఆ ఫిల్టర్లకి రాసే నూనె గాలి సెన్సార్ మీద పేరుకుంటుంది, సెన్సార్ తప్పు లెక్క చెప్పడం మొదలుపెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం మన దుమ్ము. మీ వైపు కంకర క్వారీల టిప్పర్ల వెనక వెళ్లే బండికి దుమ్ము సరిగా ఆపని ఫిల్టర్ పెడితే ఆ పొడి టర్బో రెక్కల్ని, పిస్టన్ రింగుల్ని తినేస్తుంది.

ఇక రీమ్యాప్. అబద్ధం చెప్పను, టర్బో డీజిల్‌కి రీమ్యాప్ పనిచేస్తుంది. లాగుడు నిజంగా పెరుగుతుంది, కుదురుగా తోలేవాళ్లకి మైలేజ్ తగ్గకపోవచ్చు కూడా. టర్బో లేని పెట్రోల్ బండికైతే డబ్బు దండగ, వచ్చేది చాలా తక్కువ. కానీ నీ ఫ్రెండ్ చెప్పినట్టు ఇదే 1.3 ఇంజిన్ సియాజ్, ఎర్టిగాల్లో 90 హార్స్‌పవర్ ఇచ్చేది, స్విఫ్ట్‌లో కావాలనే 75కి కట్టేశారు, సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు అనేది సగం నిజం. ఆ 90 ఇంజిన్‌లో టర్బోనే వేరు, రెక్కల కోణం మారే రకం. నీది మామూలు టర్బో. సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఆ స్థాయికి తోస్తే టర్బో వేడి, పొగ వేడి, క్లచ్ మీద భారం మూడూ పెరుగుతాయి.

పదేళ్ల కిందట ఒక కస్టమర్ పట్టుబట్టి అడిగితే నేనే ఒక ట్యూనింగ్ బాక్స్ పెట్టాను. రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి, తక్కువ ఉందని ఈసీఎంని నమ్మించి ఎక్కువ డీజిల్ కొట్టించే రకం అది. మొదటి నెల ఆయన ఫోన్ చేసి బండి విమానంలా ఉందన్నాడు. అయిదో నెలలో క్లచ్ పోయింది. ఆయనకి అప్పటికే అరిగిన క్లచ్ ఉందని పెట్టేముందు నేను చూడలేదు, తప్పు నాది. లేబర్ తీసుకోకుండా క్లచ్ వేసిచ్చాను. అప్పటి నుంచి అలాంటి బాక్సులు మానేశాను.

చట్టం సంగతి కూడా తెలుసుకో. బండి ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా మార్పులు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న మార్పుల గురించే. సైలెన్సర్ తీసేసి ఫ్రీ ఫ్లో పెట్టడం, క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయడం కూడా అంతే, పైగా శబ్దం తప్ప ఈ చిన్న ఇంజిన్‌కి వచ్చేదేమీ ఉండదు. డీజిల్ పైపుకి మాగ్నెట్ కట్టే మనిషి దొరికితే దూరంగా ఉండు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి వందకు పైగా పరికరాలని పరిశీలించింది, మైలేజ్‌ని చెప్పుకోదగ్గంతగా పెంచింది ఒక్కటీ దొరకలేదు.

చివరికి నీ కాలు. నీ బండికి పూర్తి టార్క్ (లాగే బలం), 190 న్యూటన్ మీటర్లు, 2000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. 1500 కింద టర్బో నిద్రపోతుంది. మైలేజ్ కోసం అని 45 స్పీడుకే అయిదో గేర్ వేసి, లారీ వెనక నుంచి అదే గేర్‌లో యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే బండి ఊగుతుంది, పొగ వస్తుంది, ముందుకి మాత్రం పోదు. ఆ భయం నీకు సగం దాని వల్లే అనుకుంటున్నా. ఓవర్‌టేక్‌కి ముందే మూడోకి దించు, 2000, 3000 మధ్య లాగి దాటెయ్, దాటాక పైకి మార్చు. దీనివల్ల డీజిల్ ఎక్కువ తాగదు, తక్కువ సేపే తొక్కుతావు కదా. డీజిల్ తాగేది వేరే ఉంది, స్పీడు. గాలి అడ్డు స్పీడు వర్గంతో పెరుగుతుంది. 90 దగ్గర ఉన్న అడ్డు 110 దగ్గర దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ 135 కిలోమీటర్లు, మొత్తం దారి ఖాళీగా ఉన్నా 110లో వెళ్తే నీకు మిగిలేది పదహారు నిమిషాలు. చౌటుప్పల్ దాటాక ట్రాఫిక్‌లో అది కూడా పోతుంది. పైన లగేజ్ క్యారియర్ ఉంటే, వాడని రోజుల్లో తీసి ఇంట్లో పెట్టు.

ఖర్చు క్రమం చెప్పాలంటే ముందు పాత చక్రాలు వేసి, గాలి, అలైన్‌మెంట్, బ్రేకులు చూపించు. వాటితో పాటే హోస్ పైపులు చూపించు, నా అంచనా సగం సమస్య అక్కడే తేలుతుంది. తర్వాత ఈజీఆర్, ఫిల్టర్లు. సీసాల టెస్ట్‌లో తేడా వస్తేనే ఇంజెక్టర్. క్లచ్ జారితేనే క్లచ్. ఒక్కో పని తర్వాత ఒక ట్యాంక్ తిప్పి కొలువు, అన్నీ ఒకేసారి చేయించేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఈ ఆదివారం బానెట్ ఎత్తినప్పుడు ఆ పైపుల జాయింట్ల ఫోటోలు రెండు మూడు పక్కల నుంచి తీసి ఇక్కడ పెట్టు, ముఖ్యంగా ఇంటర్‌కూలర్ దగ్గర కింద వైపు. బండి వేడిగా ఉండగా చెయ్యి పెట్టొద్దు, ఒక గంట చల్లారనివ్వు.